ముట్టని సరుకు

నా చేతిలో ఉన్నది ఒక గోనెసంచి, దాన్నిండా సరుకు. కొబ్బరిబొండాలు మూడు, తొడిమలు వాడాయి. అరటిపళ్ళ అత్తం ఒకటి, నల్లమచ్చలు పడింది. దానిమ్మకాయలు వలలాంటి తొడుగులో అలాగే ఉన్నాయి. అవిసెగింజల లడ్డూలు ఒక స్టీలు డబ్బాడు, మూత బిగుసుకుపోయి ఉంది. ఓట్స్ ప్యాకెట్టు. గ్రీన్ టీ పెట్టె, పైనున్న మెరుపు కాగితం చింపలేదు. అక్రోట్లు. నా కొట్లోంచి నేను పంపిన కిలో జీడిపప్పు, ఒక్క బద్ద కలవని పప్పు. ఒక ఉప్పు ప్యాకెట్టు, కొస కత్తిరించి రబ్బరుబ్యాండు చుట్టింది, అడుగున గుప్పెడు మిగిలింది. పొద్దున్న మా చెల్లెలు జయశ్రీ మంచం పక్క గూట్లోంచీ, వంటింటి గట్టు మీదనుంచీ నేనే ఊడ్చి సంచిలో వేసుకొచ్చిన సరుకిది. ఇది కాక కోపం ఒకటి ఉంది, దానికి సంచి చాలదు. ఎదురు బెంచీ మీద కూర్చున్న మా చెల్లెలి మొగుడు ధనుంజయ్ మొహాన ఈ రెండూ కొట్టి పోదామనే కూర్చున్నాను. తలుపు వెనక ఆమె గుండె ఆగకుండా చూస్తున్నారు. ఆ తలుపు తెరుచుకుని ఏదో ఒకటి తెలిసేదాకా ఆగుదామని ఆగాను, అంతే.

పలాసలో ఈ ఆసుపత్రి వరండా ఎప్పుడూ ఇలాగే ఉంటుందట. మెడ దగ్గర గొట్టం కుట్టించుకున్నవాళ్ళు, చేతికి కట్టు కట్టుకున్నవాళ్ళు, సంచుల మీద తల ఆనించి కళ్ళు మూసుకున్నవాళ్ళు. అందరూ ఉద్దానం వాళ్ళే. కాళ్ళు చూస్తే చాలు, వాచిన కాళ్ళకి చెప్పులు పట్టవు, కొందరు చెప్పులు చేత్తోనే పట్టుకుని నడుస్తున్నారు. ఫినాయిలు వాసన, దాని కింద ఎక్కడో జీడిగింజలు కాల్చిన పొగ వాసన. ఆ పొగ కాశీబుగ్గలో నా ఒంటికి పట్టినదే, నేను ఎక్కడ కూర్చుంటే అక్కడ అదే ఉంటుంది. ముప్పై ఏళ్ళు గింజ కొని పప్పు అమ్మినవాణ్ణి. గింజ చేత్తో పట్టుకుంటే లోపల పప్పు నిండుగా ఉందో తాలో చెప్తాను. మనిషిని మాత్రం చెప్పలేకపోయాను. ఆరు నెలలుగా ఈ ధనుంజయ్ నాకు తాలు గింజ అమ్మాడు, నేను కొన్నాను.

గుండె అన్నాడు. "జయకి గుండె బలహీనంగా ఉంది బావా, కంగారేటీ లేదు, తిండితో సరిపోద్దన్నారు" అన్నాడు. నేను నమ్మాను. గుండె అంటే నాకు తెలుసు కాబట్టి నమ్మాను. రెండేళ్ళ కిందట విశాఖపట్నంలో నా గుండెకి తీగ, అదే స్టెంటు, వేసి పంపినవాళ్ళు నాకు తిండి పాఠం చెప్పే పంపారు. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగిజావ, మధ్యాహ్నం ముడిబియ్యం, వారానికి రెండుసార్లు కవళ్ళో వంజరమో చేపల పులుసు, వేపుడు వద్దు, పచ్చి వెల్లుల్లి, గుప్పెడు అక్రోట్లు, ఉప్పు తగ్గించు, పళ్ళు పెంచు, బొండంనీళ్ళు తాగు. పప్పు అమ్మేవాడికి పప్పు లెక్కపెట్టి తినమన్నారు, రోజుకి ఇన్నేనని. తిన్నాను. అంబలి గొంతు దిగదు, అయినా తాగాను. మా ఆవిడ వెల్లుల్లి దంచి నోట్లో పెట్టేది, నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. సరే. కానీ నన్ను చూడ్డానికి ఎవడొచ్చాడు? ఒక్కడు నిమ్మకాయ పట్టుకొచ్చాడా? షావుకారికి మనమేం పట్టుకెళ్తాం అనుకున్నారు. వచ్చిన నలుగురూ గింజ ధర అడిగి పోయారు.

జయశ్రీకి గుండె అనగానే కదిలింది ఉద్దానం. ధనుంజయ్‌వాళ్ళది తోటలున్న ఇల్లు, రాజకీయం ఉన్న ఇల్లు, వాళ్ళ నాన్న సర్పంచి, రేపు వీడూ నిలబడతాడు. అందుకని రైతులొచ్చారు, పార్టీవాళ్ళొచ్చారు, చేపలవాళ్ళ ఊళ్ళనుంచి, వాళ్ళింటికి చేప వేసే జోగమ్మలాంటివాళ్ళు గంపలతో వచ్చారు. అందరికీ గుండెకి ఏది మంచిదో తెలుసు. ఒకడు తెల్లమద్ది చెక్క తెచ్చి కషాయం కాచమన్నాడు. ఒకడు అవిసెగింజలన్నాడు, ఒకావిడ బీట్‌రూటు రసం అంది. టెక్కలి కాలేజీలో పాఠం చెప్పే యామినిగారు ఫోనులో చూసి ఓట్స్ తెచ్చింది. బొండాలు లెక్కేలేదు. నేను వెళ్ళినప్పుడల్లా ఆ వాకిట్లో బొండాల కుప్ప చూసి కడుపు మండేది. నిజంగా గుండెలో తీగ ఉన్నవాణ్ణి నేను అక్కడే నిలబడి ఉండేవాణ్ణి, ఒక్కడూ ఒక బొండం కొట్టి ఇచ్చేవాడు కాదు. జయశ్రీ మంచం మీద కూర్చుని అందరికీ నవ్వుతూ చేతులు జోడించేది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వాళ్ళ పెళ్ళిళ్ళకి పిలవని మనుషులకి కూడా నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. సంతలో ఎవడో ఒకడు కొంటాడని కూర్చున్న మనిషి నవ్వులా ఉండేది.

పొద్దున్న వెళ్ళేసరికి మంచం మీద చెయ్యెత్తలేకపోతోంది. "కాళ్ళు నావి కావన్నయ్యా" అంది. కారులో వేసుకున్నాం. ఎక్కించేముందే నేను గూడు ఊడ్చాను, ఎందుకంటే గుండె డాక్టర్లు మొదట అడిగేది ఏం తింటున్నారనే. నా దగ్గరా అదే అడిగారు. ఇక్కడ డ్యూటీ డాక్టరు ఆ సంగతి అడగలేదు. మెషీను మీద గీతలు చూసి, ధనుంజయ్ వైపు తిరిగి, "డయాలసిస్ మొదలుపెట్టాలని మూడు నెలల కిందే చెప్పాం కదా, ఇన్నాళ్ళు ఏం చేశారు?" అన్నాడు. రక్తంలో పొటాషియం పెరిగిందట. కిడ్నీ పని చేసే మనిషికి అది మేలు చేస్తుంది, చెయ్యని మనిషికి లోపలే పేరుకుని గుండెని ఆపేస్తుందట. ఏయే వాటిలో ఉంటుందండీ అన్నాను. బొండంనీళ్ళు, అరటిపళ్ళు, పళ్ళరసాలు, పప్పులు అంటూ ఆయన చెప్పుకుపోతున్నాడు. నేను సంచి మూతి చేత్తో మూసుకున్నాను. ఆయన చెప్తున్నది నా సంచి.

మూడు నెలలు. ఉద్దానంలో పుట్టిన పసిగుంటకి తెలుసు, కిడ్నీ మనిషికి బొండం ఇవ్వకూడదని. చుట్టూ తోటలు, తలెత్తితే గెలలు, కిడ్నీ వచ్చిన ఇంట్లో మనుషులు ఆ చెట్లకేసి చూడరు. అలాంటి చోట, తన తోటలో కాసిన కాయల మధ్య, పెళ్ళాం జబ్బు పేరు మార్చాడు వీడు. ఎందుకు మార్చాడో నాకు చెప్పక్కర్లేదు. కిడ్నీ ఉన్న ఇంటితో ఈ చుట్టుపక్కల ఎవడూ లావాదేవీ పెట్టుకోడు. ఆ నుయ్యి నీళ్ళు తాగరు, ఆ ఇంట్లో భోంచెయ్యరు. సర్పంచికి నిలబడేవాడి ఇంట్లో నీళ్ళు తాగనివాడు ఓటేస్తాడా? గుండె అయితే పెద్దమనుషుల జబ్బు. ఓటుకీ మంచిది, పరువుకీ మంచిది. ఇదే వ్యాపారంలో అయితే పేరు మార్చి సరుకు అమ్మినవాణ్ణి బజారు మొత్తం వెలేస్తాం. ఎదురు బెంచీ మీద ఫోను చెవికి పెట్టుకుని ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నాడు. "అవును మావా, గుండే, కొంచెం నీరసం, సాయంత్రానికి పంపించీస్తారు..."

"ఎవడికి సెప్తన్నావు గుండని?"

ఫోను మీద చెయ్యి మూసి నావైపు చూశాడు. "మెల్లగా మాటాడు బావా. ఇది నీ కొట్టు కాదు."

"నా కొట్లో పుచ్చుపప్పుని మంచి పప్పని అమ్మలేదు."

"నీకేటి తెలుసని?" అన్నాడు. అంతే అని మళ్ళీ ఫోను ఎత్తుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవి ఏడ్చిన కళ్ళో నిద్రలేని కళ్ళో తెలుసుకోవాలని నాకు లేదు.

తలుపు సందులోంచి మెషీను కూత వినిపిస్తోంది, కూత, ఆగడం, కూత. నా గుండెకి తీగ వేసినప్పుడు నేనూ ఇలాంటి కూతే వింటూ పడుకున్నాను, ప్రతి కూతకీ ఒక పైసా ఖర్చవుతున్నట్టు ఉండేది. ఇప్పుడు కూత ఆగినప్పుడల్లా నా ఊపిరీ ఆగుతోంది. జయ చిన్నప్పుడు మందసలో అమ్మమ్మగారి చోళ్ళ చేను గట్టు మీద నా వెనక నడిచేది, నేను ఆగితే ఆగేది, నా మడమ తొక్కేది. తొక్కొద్దే అంటే నవ్వేది. అది నవ్వంటే. మంచం మీద నవ్విన నవ్వు కాదు. నేను ఏం పెట్టినా తినేది, చింతకాయ పెట్టినా, మట్టి పెట్టినా. అన్నయ్య ఇచ్చాడంటే ఇంకేమీ అడిగేది కాదు. కూత. ఆగింది. మళ్ళీ కూత. హైవే మీద బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది, ఇచ్ఛాపురం బస్సై ఉంటుంది, ఆ కండక్టర్లకి చెవులుండవు. నీళ్ళ మెషీను దగ్గర ఎవడో గ్లాసు నింపుకుని, సగం తాగి, సగం తిరిగి చూసి పారబోశాడు. వీళ్ళకి నీళ్ళకీ కొలతే. ఇంత గ్లాసు రోజంతటికీ. నా అంబలి గురించి నేను గొణిగిన గొణుగుడు గుర్తొచ్చి ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు, ధనుంజయ్ ఎదురుగా ఉన్నాడు కాబట్టి వాడి మీదే పెట్టుకున్నాను.

అప్పుడొచ్చింది జోగమ్మ. సముద్రం ఒడ్డు ఊరు, చేపల గంప మనిషి, ముప్పై ఏళ్ళుగా ధనుంజయ్‌వాళ్ళ ఇంటికి చేప వేసే మనిషి. ఆటో దిగి పరుగున వచ్చినట్టుంది, రొప్పుతోంది. భుజం మీద తాడుకి కట్టిన బొండాలు నాలుగు, అప్పుడే దించినవి, తొడిమ దగ్గర ఇంకా నీరు కారుతోంది.

"అమ్మకెలాగుంది బాబూ? పొద్దుగాల తెలిసింది, సెట్టెక్కించి దింపించినాను. గుండికి సల్లగుంటాది, రెండు గుక్కలు పట్టండి."

ధనుంజయ్ లేచి నవ్వు మొహం పెట్టాడు, చేతులు జోడించాడు, బొండాలు అందుకోబోయాడు. ఆ నవ్వు చూశాక నేను ఆగలేకపోయాను.

"అది గుండె కాదు జోగమ్మా. కిడ్నీ."

వరండా మొత్తం మావైపు తిరిగింది. సంచుల మీద తల పెట్టినవాళ్ళు తలలెత్తారు. ధనుంజయ్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. జోగమ్మ నావైపు చూసింది, వాడివైపు చూసింది, తన భుజం మీద బొండాలవైపు చూసింది. అవి అక్కడే నేలకి దించింది.

"మా మావ పైడితల్లి తెలుసునేటి నీకు?" అని ధనుంజయ్‌ని అడిగింది. "రెండేళ్ళు మంచాన ఉన్నాడు ఇదే రోగంతోటి. దాహం, దాహం అనీవోడు. గుమ్మంలో సెట్టు. ఒక్క కాయ కోసి ఇవ్వే అని ఏడ్సీవోడు ముసిలోడు. నాను ఇవ్వలేదు. మనసు రాయి సేసుకున్నాను. సచ్చిపోయినరోజు కూడా ఇవ్వలేదు. మీరు నా సేతి మీదుగా మీ ఆడమనిసికి తాగించీసినారా? నెలనెలా నానే మోసుకొచ్చి తాగించీసినానా?"

"తాగలేదు జోగమ్మా," అన్నాడు ధనుంజయ్.

"ఎవుడు సూసినాడు తాగనేదని? తాగినా తాగకపోయినా, మోసినది నా బుజమే." తాడు మళ్ళీ భుజానికెత్తుకుంది. "వీటిని మీ ఇంట వదల్ను. సంద్రంలో పారేత్తాను." వెళ్ళిపోతూ నావైపు తిరిగింది. "నువ్వైనా ముందుగాల సెప్పలేదేటి షావుకారూ?"

నాకూ పొద్దున్నే తెలిసిందని చెప్పేలోపు ఆటో ఎక్కేసింది. నాకు మంచిదే అనిపించింది. జోగమ్మ చెప్తే రేపటికి సముద్రం ఒడ్డునున్న ఊళ్ళన్నిటికీ తెలుస్తుంది, ఇక వాకిట్లో కుప్ప పడదు. ధనుంజయ్ కూలబడ్డాడు. తాగలేదు అంటాడేమిటి, అబద్ధంలో ఇంకో అబద్ధం, అనుకుంటూ సంచి విప్పాను, వాడి ముందు ఒక్కొక్కటి తీసి పెట్టి ఏది ఎప్పుడు తాగించావో చెప్పమందామని. బొండాలు తీశాను. మూడింటికీ కత్తి పడలేదు. అరటి అత్తం తీశాను. ఒక్క పండు తుంచిన చోటు లేదు. లడ్డూల డబ్బా మూత బలంగా లాగితే వచ్చింది, పై వరస చెదరలేదు. దానిమ్మ తొడుగు ముడి విప్పలేదు. ఓట్స్ ప్యాకెట్టు కొస కొసగానే ఉంది. గ్రీన్ టీ మీద మెరుపు కాగితం. నా జీడిపప్పు సీలు.

ముప్పై ఏళ్ళ వ్యాపారిని. గోదాములోకి అడుగుపెట్టగానే ఏ సరుకు కదిలిందో ఏది కదల్లేదో చెప్పేవాణ్ణి. పొద్దుటినుంచీ ఈ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఒక్కొక్కటీ నా చేత్తోనే ఎత్తాను, సీళ్ళు చూశాను, చూసి కూడా చూడలేదు. కదలని సరుకు ఇదంతా. ఎవరు ఏం తెచ్చినా ఆమె నవ్వి, పుచ్చుకుని, గూట్లో పెట్టింది. వాకిట్లో బొండాలు రాత్రికి కొట్టి, ఆ నీళ్ళు కొబ్బరి మొక్కల మొదట్లో పోసేవాడట వీడు, తర్వాత తెలిసింది. ఇప్పుడు సంచిలో చెయ్యి పెడితే అడుగున ఒక్కటే తగిలింది, మెత్తగా, రబ్బరుబ్యాండు చుట్టినది.

తలుపు తెరుచుకుంది. నర్సు ఉమ బయటికొచ్చింది, పెద్ద వయసు మనిషి, మొహాన చెమట. "గుండె నిలబడిందండి. మెషీను మీద పెట్టీసినారు, పొటాషియం దిగుతోంది. డాక్టరుగారు అడగమన్నారు, బొండాలూ పళ్ళూ ముట్టలేదంటోంది పేషెంటు, మరి ఇంత ఎలా పెరిగిందని. ఇంట్లో ఏ ఉప్పు వాడతన్నారు?"

ధనుంజయ్ నావైపు చూశాడు. ఆరు నెలల్లో మొదటిసారి వాడు నా మొహంలోకి సూటిగా చూశాడు.

విశాఖపట్నంలో డాక్టరు నాకు రాసిన ఉప్పు. మామూలు ఉప్పు నీ రక్తపోటుకి మంచిది కాదు, ఇది వాడు అన్నాడు. వాడాను, నాకు పడింది. జయకి గుండె అనగానే నేను మొదట చేసిన పని అది, నెలకి ఒక ప్యాకెట్టు, నా చేత్తో, అందరూ బొండాలు తెస్తే నేను తెలివైన సరుకు తెచ్చానని గర్వంగా తెచ్చాను. గుండెకి మంచి ఉప్పు. ఉమ చేతికిచ్చాను. ఆమె వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివింది. "ఇదేనండి. దీన్లో సగం పొటాషియమే ఉంటాది. ఇది కిడ్నీవాళ్ళకి కూడదు. ఎవరిచ్చినారు?"

నేను పలకాలి. పలికాను. "నేనే."

"రోజూ ఏసేది," అన్నాడు ధనుంజయ్. "నాకు రుచి సాల్దంటే నా కంచంలోకి ఏరే ఉప్పు ఏసేది. తనకి మాత్రం అదే. అన్నయ్య తెచ్చినాడని." "అన్నిటికీ కాపలా కాసినాను బావా. దానికి కాయలేదు. ఉప్పే కదాని."

"మరి గుండె అని ఎందుకు సెప్పినావు?" అన్నాను. నా గొంతులో ఇంకా కోపం ఉంది, దానికి నిలబడే చోటు లేదు.

"నేను సెప్పలేదు. తనే సెప్పమంది. పక్కింటామెకి కిడ్నీ అని తెలిశాక ఎవలొచ్చినా గుమ్మంలోంచి సూసి పోయీవోరు, ఆకరి సూపు సూసినట్టు. నన్నలాగ సూడొద్దు, గుండని సెప్పండి, పక్కన కూకుంటారు అంది. మెషీను ఎక్కితే అందరికీ తెలిసిపోద్దని వాయిదాలేసింది. నేను కాల్లు పట్టుకున్నాను."

ఒక గంట తర్వాత నన్ను లోపలికి ఒక్కణ్ణే రానిచ్చారు. గొట్టాల్లో ఆమె రక్తం తిరుగుతోంది. కళ్ళు తెరిచి ఉన్నాయి. నన్ను చూసి నవ్వలేదు.

"వరండాలో నిలబడి అరిసినావట."

సంచి ఆమె మంచం పక్కన దించాను.

"ఇక ఎవులూ రారన్నయ్యా." గోడవైపు తల తిప్పుకుంది. తర్వాత, గోడవైపే చూస్తూ, "ఆ సంచిలోది ఏదీ ముట్టలేదు నాను. నువ్వట్టుకెల్లి తిను. నీ గుండికి మంచిది" అంది.

ఉప్పు సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ధనుంజయ్ చెప్పడు. అది నాకు అర్థమైంది, వాడు చెప్పడు.

లెక్క ఇది. చెల్లెలు బతికింది, వారానికి మూడుసార్లు మెషీను మీద. ఊరికి తెలిసింది, వాకిలి ఖాళీ. పేరు మార్చి అమ్మాడని నేను వెలేసిన మనిషి, నా పేరు ఆమెకి చెప్పకుండా దాచాడు, ఇక ఉన్నన్నాళ్ళూ వాడి ముందు తలెత్తలేను. సంచి తిరిగి నా చేతికొచ్చింది, ఉప్పు తప్ప అన్నీ ఉన్నాయి. బయట బొండాల బండివాడి కత్తి అడిగి మూడూ కొట్టించుకున్నాను. నా బండి కాయ కాదే అని వాడు గొణిగాడు. నిలబడే తాగాను, ఒకదాని తర్వాత ఒకటి. వాడిన కాయలైనా నీళ్ళు తియ్యగా ఉన్నాయి. నా గుండెకి మంచివే.